మింగని నాలుగు మాత్రలు

ఆ ఉదయం జగదల్‌పూర్ ఆసుపత్రిలో ఆ తలుపు బయట ఉన్నది ముగ్గురం: అమ్మ, మా పాస్టరయ్య, నేను. మా దగ్గర ఉన్నవి: నాన్న చెప్పులు, ఒక బైబిలు, చేయవలసిన పనులు నేను వరుసగా రాసుకున్న కాగితం. లోపల బల్ల మీద మా నాన్న. బచేలి గనిలో డంపరు నడిపే మనిషి, గుండె నాళం సన్నబడిందని స్టెంటు వేయించుకుంటున్నారు.

సహోదరులారా, నేను అదే గనిలో యంత్రాల మరమ్మతు చూసేవాణ్ణి, కంటితో చూడనిదే టిక్కు పెట్టకూడదన్నది మా పనిలో మొదటి నియమం, అయినా ఆ పొద్దున రక్తం గడ్డకట్టకుండా వేసుకొమ్మన్న నాలుగు మాత్రలు నాన్న చేతిలో పెట్టి, ఆయన మింగకముందే టిక్కు పెట్టేసి, ఫారాలు నింపడానికి పరుగెత్తాను!

కొంతసేపటికి నర్సు కంగారుగా బయటికి వచ్చింది. స్టెంటు వేసిన చోటే ఉన్నట్టుండి గడ్డకట్టి నాళం పూర్తిగా మూసుకుపోయిందట, బీపీ పడిపోతోందట. "సుబహ్ గోలీ ఖిలాయా థా న?" అంది. పొద్దున మాత్రలు వేశాం కదా అని నేను కాగితం చూపించాను. అమ్మ మెల్లగా కొంగుముడి విప్పింది. నాలుగూ అందులోనే ఉన్నాయి.

"మింగలే బిడ్డా. సంఘమంతా నా కోసం ఉపాసముంటే నేను గుటకేస్తనా అన్నడు. నీకు చెప్తే లొల్లి చేస్తవని దాసిన."

ఆ మాట నేను హిందీలో చెప్పగానే నర్సు లోపలికి పరుగెత్తింది. పాస్టరయ్య తల పట్టుకున్నారు. "మందు మానమని నేను చెప్పలే తమ్మీ, మింగమని సుత చెప్పలే. తప్పు నాది గూడ ఉంది."

నేను అక్కడే మోకరించాను. "ప్రభువా, చూడకుండా టిక్కు పెట్టాను. నా నిర్లక్ష్యానికి నాన్నను తీసుకోకు."

డాక్టరుగారు తరువాత వివరించారు: స్టెంటు పంపడానికి నాళంలో వేసిన సన్నటి తీగను ఇంకా బయటికి తీయలేదు, అందుకే ఆ దారినే మళ్లీ బెలూను పంపి ఉబ్బించి, గడ్డ పెరగకుండా ఆపే మందు ఎక్కించి, మాత్రల సంగతి తెలియగానే అవి కూడా నూరి మింగించి, రక్తం పారేదాకా పట్టు వదల్లేదట! ఆ తీగను అక్కడ ఉంచినవాడు, అమ్మ నోట నిజం పలికించినవాడు, ఆ డాక్టరు చెయ్యి వణకనివ్వనివాడు ఒక్కడే, ఆ దేవునికే మహిమ!

సాయంత్రం నాన్న నన్ను చూసి గొణిగారు: "ఏందిరా అట్ల జూస్తవ్? డాక్టరు మస్తు తిట్టిండు. నీ వంతు రేపు తిట్టు."

ప్రియులారా, ప్రార్థన ఇచ్చినవాడే మందునూ ఇచ్చాడు, ఆయనను నమ్మండి, వైద్యుని దగ్గర ఏదీ దాచకండి. పోయిన ఆదివారం నాన్న క్వార్టరు నుంచి మందిరానికి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచి వచ్చారు. ఎనిమిది వందల నలభై అడుగులు, వెనకే నడుస్తూ నేనే లెక్కపెట్టాను.