చెరకు కోతకు ఒక జత

జములమ్మ అబద్ధమాడుతుందని అమరచింతలో ఎవరూ అనరు. తెలిసిన నిజంలో సగమైనా కడుపులో దాచుకోవడం వచ్చుంటే ఆమె బతుకు ఇంకోలా ఉండేది. ఆ విద్య ఆమెకు ఎవరూ నేర్పలేదు.

మొగుడు వెంకటన్న ఇంకొకామెను తెచ్చుకుని జములమ్మను వదిలించుకున్నాడు. కోర్టు విడాకులిచ్చి, ఈమె మళ్లీ పెళ్లి చేసుకునేదాకా నెలనెలా భరణం కట్టమంది. ఆమెకు పిల్లల్లేరు, గుంటెడు భూమి లేదు, పుట్టింట్లో పలకరించే దిక్కు లేదు. మోకాళ్లు అరిగాయి. ఇంటి కిరాయికి, బియ్యానికి, మందుగోళీలకు ఆ భరణమే ఆధారం. వెంకటన్న కొన్నాళ్లు బుద్ధిగా కట్టి తర్వాత చేతులు దులుపుకున్నాడు. బకాయి రాబట్టడానికి ఆమె వకీలు వేసిన పిటిషన్ వాయిదాల మీద వాయిదాలు పడుతూ పోయింది. ఇంటివాళ్లు కిరాయికి రోజూ తలుపు కొట్టసాగారు.

దసరా దాటగానే మేస్త్రీ లింగయ్య కర్ణాటక చెరకు తోటలకు మనుషులను కుదుర్చుకోవడం మొదలుపెట్టాడు. ఆయన ఒంటరి మనిషిని తీసుకుపోడు. మొగుడు చెరకు నరకాలి, పెళ్లాం కట్టలు కట్టి లారీకి మోయాలి. అడ్వాన్సు జతకే, గుడిసె జతకే.

"ఒక్కదానివి ఏం జేస్తవు జములమ్మా? జత జూసుకో, తీస్కపోత," అన్నాడు లింగయ్య.

జములమ్మ ఉండే వీధి చివరే యోహాను ఉంటాడు. భార్య చచ్చిపోయాక అతనికీ జత లేదు. జములమ్మను అక్కా అనే పిలుస్తాడు. "అక్కా, ఇద్దరం మొగడు పెండ్లాలని చెప్పి పోదం. ఆడ పనే గదా జూసేది," అన్నాడు. అందులో వింతేమీ లేదు. వదినామరుదులు, అక్కాతమ్ముళ్లు కూడా అట్లా జతలుగా పోతూనే ఉంటారు. అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు.

మోకాళ్లు వాచినా ఆ సీజనంతా ఆమె కట్టలు మోసింది. ఆమె గుడిసెలో పడుకునేది, అతను బయట గోనెపట్టా మీద పడుకునేవాడు.

తిరిగి వచ్చేసరికి వెంకటన్న కొత్త పిటిషన్ వేసి కూర్చున్నాడు. ఈమె మళ్లీ పెళ్లి చేసుకుని కాపురం పెట్టింది, భరణం రద్దు చేయండి అని. వాడి తెలివికి దండం పెట్టాలి! కట్టాల్సింది ఎగ్గొట్టి ఆమెను తోటలకు తరిమిందీ వాడే, ఆ తోటలకు పోయిందని తప్పు పట్టిందీ వాడే.

"అడిగినదానికే జవాబు చెప్పమ్మా, ఎక్కువ మాట్లాడకు," అని ఆమె వకీలు ముందే హెచ్చరించాడు.

బోనెక్కాక వెంకటన్న వకీలు అడిగాడు: "యోహాను నీ మొగడని తోటల చెప్పినవా, లేదా?"

"చెప్పిన సారూ. చెప్పకుంటే పని ఇయ్యరు."

"అతను నీ గుడిసెల పండుకున్నడా?"

తన వకీలు కళ్లతో వద్దంటున్నా ఆమె చూడలేదు. "బయటనే పండేటోడు. వానొచ్చిననాడు లోపలికి పిలిచిన. తమ్ముని లెక్క సారూ, వానల పండుమంటనా?"

యోహాను కూడా వచ్చి, ఆమె తనకు అక్కేనని మొత్తుకున్నాడు. లింగయ్య మాత్రం తన ముఠాలో ఉన్నవన్నీ మొగుడూపెళ్లాల జతలేనని, వీళ్లూ అంతేనని ఒట్టేసి చెప్పాడు. దొంగ జతలని తేలితే తోటలవాళ్లు ఆయనను దగ్గరికి రానివ్వరు మరి.

ఆమె బకాయి పిటిషన్ ఇంకా వాయిదాల్లోనే ఉండగా, వాడి పిటిషన్ తొందరగా తేలి భరణం రద్దయింది. హైదరాబాద్‌లో పై కోర్టుకు పోవచ్చని వకీలు ఏదో చెప్పబోయాడు. అంత దూరానికి, అంత ఖర్చుకు తాహతెక్కడిది? హైదరాబాద్ మాట వినగానే జములమ్మ చెంగు దులుపుకుని లేచి, బస్సు కోసం బయటికి నడిచింది.

ఊరి నోటికి జడిసి యోహాను ఆ ఎండాకాలంలోనే పెళ్లి చేసుకున్నాడు. ఎదురుపడితే తల దించుకుని పోతాడు. పాపం, అతన్ని తప్పు పట్టడానికేముంది?

మళ్లీ దసరా దాటింది. కిరాయి ఇల్లు పోయింది, జములమ్మ ఎవరి వసారాలోనో తలదాచుకుంటోంది. లింగయ్య ఇంటిముందు అడ్వాన్సులు పంచుతుంటే పోయి వరసలో నిలబడింది.

"నన్ను గూడ తీస్కపో అన్నా. ఎంత బరువైనా మోస్త."

"నీకు మొగడేడి? ఒంటరిదాన్ని తీస్కపోనని తెల్వదా?"

"నాకు మొగడున్నడని కోర్టుల నువ్వే చెప్తివి గదన్నా."

లింగయ్య ఆమె మొహం చూడలేదు. ఆమె వెనక నిలబడ్డ మొగుడూపెళ్లాలను ముందుకు రమ్మని చేయి ఊపాడు.