అబిడ్స్‌లో సప్పటి సముద్రం

గురువారం. ఇడ్లీ పిండి రుబ్బడం, రెండు వాయిల బట్టలు ఆరేయడం, బియ్యం ఎండబెట్టి డబ్బాకెత్తడం... మూడూ అయ్యాయి. ఇప్పుడు తీరిగ్గా కూర్చుని ఇది రాస్తున్నాను.

నా పదేళ్లప్పుడు... మేం నాంపల్లిలో కిరాయికి ఉండేవాళ్లం. ఓ వేసవిలో అబిడ్స్ పక్కన ఖాళీ జాగాలో, రేకుల గోడల మధ్య పెద్ద నీళ్ల తొట్టి వెలిసింది. అందులో తాబేళ్లు, రంగురంగుల చేపలు... అన్నిటికీ మించి రాణి అనే సముద్ర సింహం!

సముద్రం లేని ఊరు మాది. జనం బషీర్‌బాగ్ దాకా వరుస కట్టేవారు. మొదటి రోజు మా పక్కింటి లక్ష్మమ్మ రాణిని చూసి పెదవి విరిచింది.

"గిదేం సింహమే? జూలేది?"

అంతలో రాణి ముక్కు మీద బంతి నిలబెట్టి, గిర్రున తిరిగి, తోకతో నీళ్లను చరిచింది. నిలువెల్లా తడిసిన లక్ష్మమ్మ "ఔనే... సింహమే!" అంది.

ఆ పార్క్ కట్టిన సేటంటే నాకు ఇప్పటికీ అబ్బురమే. రాళ్లగుట్టల ఊళ్లో సముద్రం కట్టాలనుకోవడం మాటలా? దానికి కావలసిన ఉప్పు మా బాపు, అంటే మా నాన్న, పంపేవాడు. బేగం బజార్‌లో మాది దొడ్డుప్పు దుకాణం. బోరు నీళ్లలో మూటలకొద్దీ ఆ ఉప్పు కలిపితేనే రాణికి సరిపడే నీళ్లయ్యేవి. అందుకే నన్ను టికెట్ అడిగేవారు కాదు...

రెండో ఏడు జనం పలచబడ్డారు. రాణి బంతిని అందుకోలేకపోతోంది. కళ్ల మీద పాలమీగడలాంటి పొర... దాన్ని సాకే కాశన్న తడిగుడ్డతో ఆ కళ్లు తుడుస్తూ ఉండేవాడు.

బాపుకు ఏ ఉప్పునైనా నాలుక మీద వేసుకుని చూసే అలవాటు. ఓ రోజు నాతో పార్క్‌కి వచ్చి, వంగి, తొట్టిలో వేలు ముంచి నోట్లో పెట్టుకున్నాడు. ముఖం మాడిపోయింది.

"సేటూ, నీళ్లు సప్పగున్నయేంది? గిందుకేనా మూటలు సగం జేసినవ్?"

"టికెట్లు తెగుతలేవన్నా. జర సప్పగుంటే ఏమైతది? చేపనే గదా!"

"చేప గాదు. ఉప్పు చాలకనే దాని కండ్లు పోతున్నయ్."

"నువ్ సప్పుడు చెయ్యకు. బయట తెలిస్తే పార్క్ బంద్. నీ గిరాకీ గూడ బంద్."

ఇంటికి వస్తూ దారిలో బాపు చొక్కా పట్టి లాగాను. "ఎవ్వరికీ చెప్పకు బాపూ! మూసేస్తరు. నాకు రాణి కావాలె."

బాపు ఆగాడు. "నీకు గది తమాషా, బిడ్డా. దానికి కండ్లు."

మర్నాడే వెళ్లి అధికారులకు చెప్పాడు. పత్రికలవాళ్లు వచ్చారు. మూగజీవాన్ని హింసిస్తున్నారని కొందరు, పిల్లల సంతోషం చెడగొట్టొద్దని కొందరు గేటు ముందు కొట్లాడుకున్నారు. ఆఖరికి పార్క్ మూతపడింది. రాణిని సముద్రపు ఒడ్డున ఉన్న మరో చోటికి పంపారు. లారీలో తడి గోనెసంచులు పరిచింది బాపే. కాశన్న దాని పక్కనే కూర్చుని వెళ్లిపోయాడు.

నేను బాపుతో తొమ్మిది రోజులు కటీఫ్. రోజుకో గీత గీసి లెక్కపెట్టాను కూడా... పదో రోజు మాట కలిపాను గానీ, ఆయన చేసింది సరైనదని మాత్రం చెప్పలేదు.

కొన్నాళ్లకు కాశన్న దగ్గరి నుంచి ఉత్తరం వచ్చింది. రాణి ఎడమ కన్ను పోయిందట. కుడి కన్ను మాత్రం తేటపడిందట. బాపు ఆ ఉత్తరాన్ని గల్లాపెట్టె మూతకు లోపలివైపు అంటించుకున్నాడు.

ఇప్పుడు ఆ జాగాలో సెల్‌ఫోన్ల దుకాణాలు... ఇక్కడ ఒకప్పుడు సముద్రం ఉండేదంటే మా పిల్లలు నవ్వుతారు. వాళ్లు తిమింగలాలను కూడా తెర మీద చూస్తున్నారు, ఒంటి మీద ఒక్క చుక్క పడకుండా. మీలో రాణి తోకదెబ్బకు తడిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే కింద ఒక మాట రాయండి...

ఇది రాసేముందు బాపుకు ఫోన్ చేశాను. "ఆ రోజు నువ్ జేసిందే మంచిది బాపూ" అన్నాను.



"గిప్పుడు చెప్తవా బిడ్డా? నీకు కోడలొచ్చే ఈడుకు!" అని పకపకా నవ్వాడు.

ఆయనకు నేను బాకీపడ్డ ఆ ఒక్క మాట... ఇవాళ్టితో చెల్లు.