మా వియ్యంకుడు తొక్కిన ఐర్లాండు మెరకలు

మా వియ్యంకుడికి సైకిల్ తొక్కడం రాదు. ఎక్కుతాడు, పడిపోకుండా ముందుకు పోతాడు, అంతే. దాన్ని తొక్కడం అనరు. ఈ మాట ఆయన ముందు ఎప్పుడూ అనలేదు, ఆడపిల్ల తండ్రిని గనక. కాగితం మీద అనడానికి అడ్డెవరూ లేరు.

నేను ముప్పై ఏళ్లు సైకిల్ మీద పాలు పోశాను. వెనక రెండు క్యాన్లు, హ్యాండిల్‌కి ఇంకో రెండు. మా ఊరి నుంచి టౌనుకి పద్నాలుగు కిలోమీటర్లు, పొద్దునొకసారి, సాయంత్రం ఒకసారి. దారిలో పాలు కుదిలిపోతే హోటలువాడు మొహం మీదే తిడతాడు. అందుకని గుంట వచ్చినప్పుడల్లా సీటు మీంచి లేచి, బరువంతా కాళ్ల మీద వేసి తొక్కాలి. గుంట నా మోకాళ్లకి తెలియాలి గాని క్యాన్లలో పాలకి తెలియకూడదు. చదువా, లేదు. నలభై రెండో ఏట మా అమ్మాయి రెండో క్లాసు వాచకం పక్కన కూర్చుని అక్షరాలు దిద్దుకున్నాను. ఇప్పటికీ ఒత్తులు రాసేటప్పుడు పెదాలు కదుపుతాను.

వియ్యంకుడు కాలేజీ లెక్చరరు. పెళ్లినాటి నుంచి ఆయన పక్కన కూర్చుంటే నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలిసేది కాదు. ఆయనకి అన్నీ ఉన్నాయి. ఒక్క సైకిల్ లేదు. అది తలుచుకుని ఊరట పడేవాణ్ణి. రిటైరయ్యాడు, మా వియ్యపురాలు పోయింది, కొడుకు దగ్గరికి అమెరికాలో కమ్మింగ్ అనే ఊరికి వచ్చేశాడు, వచ్చిన ఏడాదికే సైకిల్ కూడా మొదలుపెట్టాడు. ఒంటికి అతుక్కునే చొక్కా, గుడ్డు పెంకులాంటి టోపీ, నల్లద్దాలు. నేనూ మా ఆవిడా ఆరు నెలలుందామని వచ్చి, కారు దిగేసరికి గుమ్మంలో ఆ వేషంలో నిలబడి ఉన్నాడు. "రండి బావగారూ, ఇప్పుడే ఇరవై మైళ్లు కొట్టొచ్చాను" అన్నాడు. ఆ ఇరవై మైళ్లు నా గుండెల్లో దిగాయి.

మా అల్లుడికీ అమ్మాయికీ కూడా సైకిలంటే పిచ్చి. ఆదివారం పొద్దున్నే కమ్మింగ్ దాటి ఉత్తరానికి పోతే రోడ్డు మెరకా పల్లంగా సాగుతుంది, రెండు పక్కలా కోళ్లఫారాలు, గుర్రాల కంచెలు. నాకూ ఒక సైకిల్ ఇచ్చారు. మొదటి వారం గేర్లు అర్థం కాలేదు. రెండో వారం అల్లుడి పక్కన తొక్కాను. మూడో వారం మెరక మీద అల్లుణ్ణి దాటాను. వియ్యంకుడు ఎక్కడో కింద, గేరు కరకరలాడించుకుంటూ వస్తున్నాడు. నా జీవితంలో అంత సుఖమైన ఆదివారం ఇంకోటి లేదు.

ఒక శనివారం మధ్యాహ్నం, అన్నాల దగ్గర, అల్లుడు ఫోన్ పక్కన పెట్టుకుని చెప్పాడు. ఐర్లాండులో వారం రోజుల సైకిల్ టూర్. రోజుకొక ఊరి నుంచి ఇంకో ఊరికి, అన్నీ పల్లె రోడ్లే. సామాన్లు వ్యాన్‌లో వస్తాయి. వాళ్లిద్దరికీ బుక్ అయింది, ఇంకొక్క చోటు ఖాళీ ఉంది.

"మామయ్యా, మీరు రండి. మెరకలు మీకు లెక్క కాదు" అన్నాడు.

అప్పటికే ఆ దేశం గురించి అమ్మాయి చెప్పింది. అక్కడ బండ్లు మనలాగే ఎడమపక్కన పోతాయట. ఎటు చూసినా పచ్చగడ్డేనట, ఆవులు రోడ్డు దాటుతుంటే కార్లు ఆగి నిలబడతాయట. పాలవాడికి ఇంకేం కావాలి? నాకు వెళ్లాలనుంది. ఇప్పుడే బయల్దేరమన్నా లేచేట్టున్నాను.

కానీ పక్కన పెళ్లికొడుకు తండ్రి కూర్చుని ఉన్నాడు. మొదటి మాటకే ఒప్పేసుకోవడం ఏం మర్యాద? "నాకెందుకు బాబూ, ఈ వయసులో. బావగార్ని తీసుకెళ్లండి" అన్నాను.

ఇలా అన్నాక ఏం జరగాలో తెలుగువాళ్లకి ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆయన "అబ్బే, మీరే వెళ్లాలి" అనాలి. నేను "లేదు లేదు" అనాలి. ఆయన "మీరు వెళ్లకపోతే నా మీద ఒట్టే" అనాలి. మూడోసారికి నేను, ఆయన మాట తీసెయ్యలేక అన్నట్టు, "సరే, మీరంతగా చెప్తున్నారు కాబట్టి" అనాలి. పెళ్లిలో అరిసె వడ్డించినా ఇదే వరస.

వియ్యంకుడు గారెలో అల్లం ముక్క తీసి పక్కన పెట్టి, "అయితే సరే" అన్నాడు.

అల్లుడు వెంటనే ఫోన్ మీద వేలు ఆడించి "బుక్ చేసేశాను నాన్నా" అన్నాడు. వాడు పదిహేనేళ్లుగా అమెరికా ఆఫీసులో పనిచేస్తున్నాడు, అక్కడ వద్దంటే వద్దే. వాణ్ణి అనను. కానీ ఈయనకి తెలుసు. డెబ్బై ఏళ్లకి దగ్గరపడ్డ తెలుగు మనిషి, ఎన్ని పెళ్లి పందిళ్లలో కూర్చోలేదు? తెలిసే, ఆటని మొదటి ఎత్తులోనే కోసేశాడు.

మా ఆవిడ గదిలోకి రాగానే అంది, "నీకు వెళ్లాలని ఉందిగా. మరెందుకు వద్దన్నావ్?"

"రెండోసారి అడుగుతాడనుకున్నాను."

"అడగలేదుగా. ఇంక మూసుకుని పడుకో."

అప్పట్నుంచి నాకు ఆయన నడక నచ్చలేదు, నీళ్లు తాగే చప్పుడు నచ్చలేదు. పొద్దున్నే ఐర్లాండు దారుల పుస్తకం పెట్టుకుని ఇంగ్లీషులో పైకి చదివి, మళ్లీ నాకోసం తెలుగులో చెప్పేవాడు. "మూడో రోజు చూడండి బావగారూ, రాళ్లగోడల మధ్య నుంచి దారి. నాలుగో రోజు మెరక నాలుగు కిలోమీటర్లట." ఆ మెరక నాది. నా మోకాళ్ల కోసం దేవుడు వేసిన మెరక. దాన్ని ఈయన పుస్తకంలో గీత కింద గీత పెట్టుకుని చదువుతున్నాడు.

ఇక్కడే నేను చేసిన పని చెప్పాలి.

టూర్ వాళ్లు అద్దెకిచ్చే సైకిల్‌కి సీటు ఎత్తు ఎంతుండాలో కొలిచి పంపమన్నారు. వియ్యంకుడికి సీటు కిందకి ఉండాలి. ఆగినప్పుడు రెండు పాదాలూ నేలకి ఆనకపోతే ఆయనకి భయం. సీటు అంత కిందకుంటే మోకాలు ఎప్పుడూ పూర్తిగా చాపుకోదు, మడతలోనే బరువంతా పడుతుంది. చదును మీద తెలియదు. పెద్ద మెరకలు రెండు రోజులు వరసగా ఎక్కితే మోకాలు బూరెలా పొంగుతుంది. ఇది నాకు పదిహేనో ఏట మా నాన్న చెప్పాడు, ఆ తర్వాత మోకాలే చెప్పింది.

గరాజులో టేపు పట్టుకుని ఆయన నన్నడిగాడు. "మీరు అనుభవం ఉన్నవారు. ఈ ఎత్తు సరిపోయిందంటారా?"

టేపు మీద అంకె చూశాను. అంకెలు నాకు అక్షరాల కంటే ముందొచ్చినవే. "దివ్యంగా ఉంది బావగారూ" అన్నాను.

వాళ్లు వెళ్లారు. నేనూ మా ఆవిడా మనవరాలూ మిగిలాం. దాన్ని స్కూలు బస్సెక్కించి నేను గరాజులోకి పోయేవాణ్ణి. అక్కడ అల్లుడు ఒక మిషన్ పెట్టాడు. సైకిల్ వెనక చక్రం తీసి దానికి బిగిస్తే, ఎదురుగా టీవీలో దారి నడుస్తుంది. టీవీలో మెరక వస్తే పెడలు బిగుసుకుంటుంది, పల్లం వస్తే వదులవుతుంది. దాంట్లో ఐర్లాండు దారులున్నాయి. పెట్టుకుని తొక్కాను. రెండు కార్లు ఎదురైతే ఒకటి వెనక్కి పోవలసినంత సన్న రోడ్డు. రెండు పక్కలా పొదల కంచె, మధ్యమధ్య ఖాళీలోంచి పచ్చిక, వీపుకి నీలం రంగు పూసిన గొర్రెలు. చిన్న వంతెన. వాన పడి ఆగినట్టు తళతళలాడే తారు. పల్లంలోకి జారి, ఆ ఊపు చచ్చేలోపు మళ్లీ మెరక. ఎంత చక్కటి దారి. గాలి మాత్రం ఫ్యాన్‌ది. వాసన కారు టైర్లది. అక్కడ గడ్డి వాసన ఆ లెక్చరరు ముక్కుకి పోతోందని తలుచుకుంటే పెడలు మీద కాలు ఇంకా గట్టిగా పడేది.

సెలవు రోజు మనవరాలు ట్యాబ్‌లో మ్యాప్ చూపించింది. వియ్యంకుడు పోతున్న చోట నీలం చుక్క కదులుతుందట. మనకి పొద్దునైతే వాళ్లకి మధ్యాహ్నం. ఆ రోజు నాలుగు కిలోమీటర్ల మెరక. చుక్క కాస్త కదిలింది, ఆగింది. మళ్లీ కదిలింది, మళ్లీ ఆగింది. తర్వాత ఉన్నట్టుండి జోరుగా పరిగెత్తింది.

"తాతా, చూడు, హీ ఈజ్ సో ఫాస్ట్" అంది పిల్ల.

నాకు అర్థమైంది. మెరక మీద ఆ జోరు ఎవరికీ రాదు. వ్యాన్ ఎక్కేశాడు.

కాసేపటికి అమ్మాయి ఫోన్. "మామయ్యగారికి మోకాళ్లు వాచిపోయాయి నాన్నా. ఇవాళ నేనూ ఆయన పక్కనే వ్యాన్‌లో ఉన్నాను, రేపట్నుంచి ఆయన వ్యాన్‌లోనే. పాపం, చాలా డల్ అయిపోయారు."

"అయ్యో" అన్నాను. అని, మా ఆవిడ వేస్తున్న దోసెలు మామూలుగా తినేవాటికి రెండు ఎక్కువ తిన్నాను.

ఆవిడ పెనం దించి నా ఎదురుగా కూర్చుంది. "అన్నయ్యగారికి మోకాళ్లు వాస్తే నీకు ఆకలెందుకు పెరిగింది?"

"ఏం లేదు."

"నలభై ఐదేళ్లుగా చూస్తున్నా ఆ మొహం. ఏం చేశావ్?"

చెప్పాను. టేపు సంగతి, అంకె సంగతి, దివ్యంగా ఉందన్న మాట. ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ప్లేటు నా ముందు నుంచి తీసేసి, "పాలల్లో చుక్క నీళ్లు కలపని మనిషని ఊరంతా చెప్పుకున్నా నీ గురించి. ఇంకెవరికీ చెప్పను లే" అని సింకు దగ్గరికి పోయింది.

కుళ్లు కడుపులో ఉన్నా దోసె అరుగుతుంది. ఆ మాట అరగలేదు. గంట సేపు గరాజులో ఊరికే నిలబడ్డాను. తర్వాత ఫోన్ చేశాను.

"బావగారూ, సీటు రెండు వేళ్లు పైకి లేపించండి. ఇవాళ రాత్రికి ఐసు పెట్టండి, రేపొక్కరోజు కూర్చోండి. ఎల్లుండి ఎక్కొచ్చు. ఆగేటప్పుడు ఒక్క కాలి వేళ్లు ఆనితే చాలు, పడరు."

అటు వ్యాన్ వైపర్ చప్పుడు వినిపిస్తోంది.

"ఇది మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి దివ్యంగా ఉందన్నారు."

"అన్నాను."

నేనూ తగ్గలేదు. "మీరు మాత్రం, ఆ రోజు అన్నాల దగ్గర, రెండోసారి ఎందుకు అడగలేదు?"

"అడిగితే మీరు సరే అనేవారు బావగారూ."

నాకు నవ్వొచ్చింది. ఒళ్లు మండింది కూడా. ఆయన గొంతు తగ్గించి, "వారం వారం మెరక మీద మీ వీపు చూసి చూసి విసుగెత్తింది. మీరు లేని మెరక ఒక్కటి ఎక్కుదామనుకున్నాను" అన్నాడు.

ఇన్నేళ్లూ నేనొక్కణ్ణే కుళ్లుకుంటున్నాననుకున్నాను. కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషికి నా వీపు చూసి అసూయ. ఈ మాట ఎవరికి చెప్పినా నమ్మరు.

"ఫోన్ అమ్మాయికివ్వండి" అన్నాను. అది తీసుకుంది. "అమ్మా, నాకు రావాలని ఉండింది" అన్నాను.

"మరి అడిగినప్పుడు వద్దన్నావ్ కదా నాన్నా."

"ఇప్పుడు ఎవరూ అడక్కుండా చెప్తున్నా. ఈసారి ఉంటే నేనొస్తాను. ఆయన వచ్చినా సరే, రాకపోయినా సరే."

"రాసుకుంటాలే" అని నవ్వింది. రాసుకుందో లేదో తెలియదు.

ఆఖరి రోజు వియ్యంకుడు సీటు లేపించుకుని ఎక్కాడు. ఫోన్‌లో ఫోటో వచ్చింది. కింద తెలుగులోనే రాశాడు, నేను చదువుకోగలిగేట్టు పెద్ద అక్షరాలతో: దిగకుండా ఎక్కాను. వెనకాల దారి మెలికలు తిరుగుతూ కిందకి పోతోంది, రాళ్లగోడలు, ఒక గేటు దగ్గర పాలు పితికించుకోవడానికి నిలబడ్డ ఆవులు. వాటి పొదుగులు చూడటానికి వేళ్లతో పెద్దది చేసుకున్నాను. మంచి ఆవులు. చాలాసేపు చూశాను. ఆ ముందు నిలబడ్డ మనిషి కాస్త పక్కకి జరిగి ఉంటే ఇంకో నాలుగు కనపడేవి.