జీతగాణ్ణి చెట్టెక్కించిన పాపం

కొత్త జిల్లాలు ఏర్పడిన ఏడు మా ఊళ్లో పొద్దున్నే వాక్యం వివరించే పని నా మీద పడింది. పడింది అనడం అబద్ధం. అది పడబోయే చోటు చూసుకుని నేనే వెళ్లి దాని కింద నిలబడ్డాను.

నల్లగొండ నుంచి నందికొండ పోయే దారికి కాస్త లోపలగా ఉంటుంది మా ఊరు. మా సంఘంలో ఇరవై ఇళ్లుంటే గొప్ప. రోజూ ఆరు గంటలకు ఎవరో ఒకరింట్లో కూడి, బైబిలులో ఒక అధ్యాయం చదివి, దాని అర్థం ఒకరు చెప్పి, ప్రార్థన చేసి, చాయ్ తాగి లేవడం వరస. నాకు ముందు అర్థం చెప్పిన పెద్దమనిషి మూడు మాటల్లో ముగించేవాడు. "దేవుడు మంచోడు. మనం గూడ మంచిగుండాలె. చాయ్ తేండ్రి." ఆయనకు మోకాళ్ల నొప్పులొచ్చి ఇల్లు కదలలేకపోయాక ఆ పీట నాకు దక్కింది.

నేను బడిలో సోషల్ చెప్పే మాస్టర్ని. పుస్తకంలో వంద ఏనుగులుంటే నా నోటి దగ్గరికొచ్చేసరికి వెయ్యవుతాయి, వాటిలో సగానికి మదం పట్టి ఉంటుంది. ఆ విద్యనే వాక్యానికీ వాడాను. నోవహు ఓడలో వాసన ఎలా ఉండేదో నేను వర్ణించిన రోజు ఒకామె చాయ్ ముట్టలేదు. యోనా చేప కడుపులో ఎంత ఉక్కకు ఉడికాడో చెప్పినప్పుడు ఆ ఇంటివాళ్లు లేచి ఫ్యాను పెంచారు. పది నిమిషాల పనిని నేను నలభై నిమిషాలకు పెంచానని మా ఆవిడ అంటుంది. ఆమెకు గడియారం తప్ప మరో ధ్యానం లేదు.

ఈ కూటానికి అందరికంటే ముందు వచ్చేవాడు ఒక ముసలాయన. అందరం తాత అనే పిలిచేవాళ్లం. మనిషి ఎండిన కందికట్టెలా ఉంటాడు. సొంతంగా ఓ పది పన్నెండు గొర్రెలున్నాయి. చదువు రాదు. ఆయన భార్య మాత్రం మా సంఘంలో ఏళ్ల తరబడి ఉన్న విశ్వాసి, మా ఆవిడతో కష్టసుఖాలు చెప్పుకునే మనిషి. ఆమె పోయి అప్పటికి రెండేళ్లు. ఊరి బయట సంఘం సమాధుల జాగాలో ఆమెను పెట్టాం. ఆమె పక్కన ఇంకొక మనిషి పట్టేంత ఖాళీ ఉంది.

తాతకు కావలసింది ఆ ఖాళీయే. బాప్తిస్మం తీసుకోనివాళ్లకు అక్కడ చోటు లేదని సంఘం కట్టడి. ఆమె బతికుండగా ఎంత పోరినా నీళ్లలోకి దిగనివాడు, ఆమె పోయాక రెండేళ్లు గోడవారగా కూర్చుని వాక్యం విని విని, ఒకరోజు "దిగుత" అన్నాడు. మా అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, నందికొండ దగ్గర కృష్ణలో బాప్తిస్మం అని ఒక ఆదివారం ఖాయం చేసి ఆటో కూడా మాట్లాడాడు. దానికి ఇంకా పదిహేను రోజులుందనగా తాత రావడం మానేశాడు.

ఆయన చివరగా వచ్చిన పొద్దున మంచి కాపరి అధ్యాయం నడిచింది. నేను బ్రహ్మాండంగా చెప్పాను. అందరూ కడుపులు పట్టుకుని నవ్వారు. కాబట్టి నా తప్పేమీ లేదని మొదటి రోజే తేల్చేసుకున్నాను. ఇక మిగిలింది, ఎవరి తప్పో పట్టుకోవడం.

మూడో రోజు గొర్రెలు తోలుకుపోతూ ఎదురుపడ్డాడు.

"ఏం తాతా, వస్తలేవు?"

"గొర్లున్నయ్."

"గొర్లు పోయిన వారం గూడ ఉండె గదా."

"పోయిన వారం గీ వారం గాదు." అని గొర్రెల వైపు చూస్తూ పోయాడు. నా మొహం వైపు చూడలేదు. గొర్రెలు కూడా చూడలేదు. అన్నీ ఒక్కమాట మీద ఉన్నాయనిపించింది.

నాకు వెలిగింది. మండల కేంద్రం మలుపులో నీలం రేకులతో కొత్త ప్రార్థన షెడ్డు లేచింది. కీబోర్డు, మనిషి ఎత్తు సౌండు బాక్సులు, ఆరాధన అయ్యాక బగారా అన్నం. నా కళ్లకు ఆ షెడ్డు హైదరాబాదు స్టేషనంత కనిపించేది. ఒక సంఘం మనిషిని ఇంకో సంఘం లాక్కుంటే మాలో దానికి గొర్రెల దొంగతనం అని పేరు. మా తాతను బగారా వాసన చూపించి తోలుకుపోయారన్నమాట.

మా ఆవిడకు చెప్పాను. ఆమె చేటలో బియ్యం చెరుగుతోంది.

"తాతకు పండ్లే లెవ్వు. బగారాకు పోతడా?"

"మెత్తగ వండుతరేమో."

"నీకు గోడ మీది బల్లి గూడ సీఐడీ లెక్క కనవడ్తది" అంది.

ఆమె అంత తేలిగ్గా కొట్టిపారేసిందంటే ఆమెకేదో తెలిసే ఉంటుందని, ఆమెను కూడా అనుమానితుల్లో చేర్చాను.

ఆదివారం మా ఆరాధన ముగియగానే బండి మీద మలుపుకు పోయాను. షెడ్డుకు ఎదురుగా పంక్చర్ దుకాణం ఉంది. అక్కడ బండి ఆపి, వెనక చక్రం చూడమన్నాను. దుకాణమాయన ట్యూబు తీసి నీళ్లలో ముంచి తిప్పాడు.

"ఏం లేదు సారు. మంచిగనే ఉన్నది."

"జర ముందుది గూడ చూడు."

ముందుది కూడా ముంచాడు. నా కళ్లు షెడ్డు గుమ్మం మీదే ఉన్నాయి. వెళ్లేవాళ్లను, వచ్చేవాళ్లను, చెప్పుల వరసను, చివరికి పిల్లుల్ని కూడా పట్టి పట్టి చూశాను. తాత చెప్పులు టైరు చెప్పులు, ఎక్కడున్నా గుర్తుపడతాను. అవి లేవు.

"ఇగ స్టెప్నీ లేదు గదా సారు ముంచనీకె" అన్నాడాయన.

ఇంతలో షెడ్డులోంచి ఆ పాస్టరే తెల్లచొక్కాతో బయటికొచ్చి, రోడ్డు దాటి, నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "వందనాలు బ్రదర్. మూడు గంటల సంది చూస్తున్న, ఎంత ఆశతోని నిలవడ్డరు. లోపలికి రావడానికి మొహమాటమెందుకు?" నేను నిలబడింది మూడు గంటలు కాదు, ముప్పావు గంట. నన్ను మించిన మనిషి తగిలాడని మొదటిసారి భయమేసింది. బండెక్కి పారిపోయాను.

మర్నాడు మా అయ్యగారు పిలిపించాడు.

"సారూ, మీరు అటు పోతున్నరని విన్న. నిజమేనా?"

దొంగను పట్టబోయిన నేనే దొంగనయ్యాను. ఎవరు చెప్పారని గుచ్చి గుచ్చి అడిగాను. ఆయన నవ్వాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. "తాతొచ్చిండు. ఆటోల నా జాగ ఇంకొకలకియ్యుండ్రి, నేను దిగ అన్నడు. ఎందుకు తాతా అంటే, సారును అడుగుండ్రి అన్నడు. అందుకే అడుగుతున్న."

నన్నడగమన్నాడంటే నా మీద ఎవరో ఏదో ఎక్కించారు. రెండో శనివారం బడి లేదు. తాత గొర్రెలు మేపే గుట్ట దగ్గరికి బయల్దేరాను. మా ఆవిడ చీర కొంగు బిగించి వెనకాలే వచ్చింది. "నువ్వొక్కనివి పోతే ఇంకో ముచ్చట వుట్టిస్తవ్" అంది.

తాత ఒక బండగుండు మీద కూర్చుని ఉన్నాడు. లేవలేదు.

"ఎందుకొస్తలేవో చెప్పు తాతా. ఎవరన్న ఏమన్న అన్నరా?"

"నువ్వే అన్నవ్ గదా, అందరి ముంగట."

"నేనేమన్న?"

"జీతగాని ముచ్చట."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ అధ్యాయంలో మంచి కాపరి పక్కన ఒక జీతగాడొస్తాడు. గొర్రెలు తనవి కావు కనుక తోడేలును చూడగానే వదిలేసి పారిపోతాడు. పుస్తకంలో అంతే. నేను అంతటితో ఆగుతానా? వాడు కట్టె పారేశాడు, పంచె ఎగ్గట్టాడు, ఒక చెప్పు జారిపోయింది, తుమ్మచెట్టెక్కాడు, ముళ్లు గుచ్చుకోని చోటు లేదు, దిగలేక పొద్దు గూకే దాకా అక్కడే కూర్చుని పోయిన వంద గొర్రెలనూ లెక్కపెట్టాడు అని చెప్పాను. చెట్టు మీద వాడు కూర్చున్న తీరును పీట మీదికెక్కి చూపించాను కూడా. మా ప్రాంతంలో జీతగాడంటే పుస్తకంలో మాట కాదని, ఏడాదికని దొరింట్లో కుదిరి, దొర గొర్రెలతో లేచి దొర కొట్టంలో పడుకునే మనిషని నాకు తెలియక కాదు. నవ్వించే తొందరలో తోచలేదు. నెల మొదట్లో జీతం తీసుకునే నేనూ జీతగాణ్ణేనన్న సంగతి అసలే తోచలేదు.

తాత మెల్లగా చెప్పాడు. "పెండ్లికి ముందటేడు దొరింట్ల జీతమున్న. గీ గుట్ట అవతల్నే. తోడేలొచ్చింది. కట్టె వడేసి తుమ్మచెట్టెక్కిన. మూడు గొర్లు వోయినయ్. నిద్రవోయినవురా అని దొర కొట్టిండు. నిద్రనే అని ఒప్పుకున్న. చెట్టెక్కినట్టు ఎవ్వలకు చెప్పలే, ఒక్క నా పెండ్లాంకు తప్ప."

ఇది రాసే ముందు రాయమంటావా అని ఆయన్ని అడిగాను. "రాయి. మూడు గొర్లు మూడే రాయి" అన్నాడు. మూడే రాశాను.

"ఆమె నీ ఇంటామెకు చెప్పింది" అన్నాడు తాత, నా వైపు కాక మా ఆవిడ వైపు చూస్తూ. "ఈమె నీకు చెప్పింది. నువ్వు ఊరికి చెప్పినవ్. మొగని గుట్టు బయటేసినదాని పక్కకు నేనెందుకు పండాలె? నాకా జాగ వద్దు."

నా అనుమానాలన్నీ ఒక్కసారిగా చిన్నబోయాయి. ఆయన అనుమానం రెండేళ్ల కింద పోయిన మనిషి మీద. ఆమె వచ్చి సమాధానం చెప్పుకోలేదు.

"నాకెవ్వరు చెప్పలే తాతా. నేనే కల్పించిన."

"తుమ్మచెట్టు గూడ కల్పించినవా?"

"తుమ్మచెట్టు గూడ."

"చేతుల కట్టె గూడ?"

మా ఆవిడ ముందుకొచ్చింది. "ఈన సంగతి నీకెరుక లేదా తాతా. ఇంట్ల తేలు కనవడ్డదంటే పోయి చూస్తి, ఎండిన చింతగుల్ల. ఈన నోట్ల నిజముంటే అది పొరపాటున వడ్డదే. నీయి మూడు గొర్లు, ఈన వందన్నడు. ఆమె చెప్పి ఉంటే మూడే అనకపోవునా?"

"మూడని చెప్తేనే ఈన వంద జేస్తడు" అన్నాడు తాత.

నా నలభై నిమిషాల కీర్తి అంతా నాకే ఎదురు సాక్ష్యం చెబుతోంది. నిజం చెప్పినా నమ్మించలేని స్థితి ఎంత ఇరుకో అప్పుడు తెలిసింది.

మా ఆవిడ గుట్ట చుట్టూ చెయ్యి తిప్పి చూపించింది. "మరి గీ గుట్టల్ల తుమ్మ గాక ఇంకేం చెట్టున్నది? ఎవడెక్కినా గదే ఎక్కాలె గదా."

తాత చూశాడు. నేనూ చూశాను. ఎటు చూసినా తుమ్మలే. ఒకటి రెండు రేగుపొదలున్నాయి గానీ వాటిని ఎక్కడం నా కథల్లో కూడా కుదరదు.

తాత మా ఆవిడ వైపు తిరిగి అడిగాడు. "బిడ్డా, ఆమె నా గురించి నీకేం చెప్పేది?"

"ఉప్పు ఎక్కువ తింటవన్నది."

"ఇంకా?"

"ఇంకేం లేదు. నేను నా మొగని మీద గంపెడు చెప్పుకుంట కూసుంటే, ఆమె ఉప్పు కాడనే ఆగేది."

ఆ గంపలో ఏముందో నాకు ఇప్పటికీ చెప్పలేదు.

"ఉప్పు తింట. నిజమే" అన్నాడు తాత. వస్తానని మాత్రం అనలేదు.

మర్నాడు పొద్దున కూటంలో నేను లేచి, చెట్టు, ముళ్లు, చెప్పు, పంచె పుస్తకంలో లేవని, అన్నీ నేను కలిపినవేనని ఒప్పుకున్నాను. ఎవరి పేరూ ఎత్తలేదు. ఒకామె, "ఇవన్ని తీసేస్తే ఇంకేం మిగిల్తది సారు?" అని దిగులుగా అడిగింది. బయట గోడ అవతల ఎవరో దగ్గినట్టయింది. పోయి చూస్తే ఎవరూ లేరు. గొర్రె పెంటికలు మాత్రం వెచ్చగా ఉన్నాయి.

అదే రోజు బాప్తిస్మపు ఆదివారం. ఆటో కదలబోతుంటే తాత వచ్చాడు. నా పక్కన ఖాళీ ఉన్నా డ్రైవరు పక్కన కూర్చున్నాడు. నందికొండ దాకా వెనక్కి తిరగలేదు.

అయ్యగారు నడుము లోతు నీళ్లలో నిలబడి పిలిచాడు. తాత మోకాళ్ల దాకా దిగి ఆగిపోయాడు.

"సారును రమ్మనుండ్రి."

ప్యాంటు మడుచుకుని దిగాను.

"ఆమె చెప్పలే అని నీళ్లల నిలవడి చెప్పు."

అయ్యగారు దగ్గాడు. ఒట్లు పెట్టుకోవద్దని, అవునంటే అవును, కాదంటే కాదు అనాలని వాక్యంలోనే ఉంది. దాని మీద నేనొకసారి గంటసేపు మాట్లాడాను. ఆ గంటలో ఒక్క మాటా ఇప్పుడు పనికిరాలేదు.

"చెప్పలేదు" అన్నాను.

తాత ఇంకేమైనా వస్తుందేమోనని ఎదురుచూశాడు. నా నాలుక మీదికి ఏడు పోలికలు, రెండు సామెతలు వచ్చాయి. మింగాను. ఆయన నా గొంతు వైపే చూస్తున్నాడు, ఏదో కిందికి దిగడం కనబడిందేమో.

"సరే" అని అయ్యగారికి చెయ్యి ఇచ్చాడు.

మునిగి లేచాక ముక్కులోంచి నీళ్లు చీది, మొహం తుడుచుకుని, అయ్యగారితో ఒక్క మాటే అన్నాడు. "పోంగనే ఆమె పక్క జాగ కొలిచి పెట్టుండ్రి. సారుతోని కొలిపియ్యకుండ్రి."