మాచర్ల రేకుల గదిలో వాటర్ కూలింగ్

2023 మే నెల. నరసరావుపేటలో నాది కంప్యూటర్ రిపేరు షాపు. మాచర్ల నుంచి వినుకొండ దాకా చెడిపోయిన ప్రతి కంప్యూటరూ నా చేతుల్లోకి రావలసిందేనని చెప్పుకుంటూ ఉంటాను. అది కాస్త ఎక్కువే. వినుకొండ వాళ్ళు ఎప్పుడో గాని రారు. మాచర్ల వాళ్ళు మాత్రం వస్తారు. వాళ్ళలో సుజాత ఒకరు.

సుజాత పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తుంది. ఇంటి డాబా మీద రేకుల గదిలో ఆమె కంప్యూటర్. ఎడిటింగ్ అయ్యాక ముక్కలన్నిటినీ కలిపి ఒక్క వీడియోగా తయారు చేయడాన్ని రెండరింగ్ అంటారు. ఆ పనిలో ప్రాసెసర్, అంటే కంప్యూటర్ మెదడు, గంటల తరబడి కాగుతుంది. వేడి మరీ ఎక్కువైతే మిషన్ తనంతట తానే ఆగిపోతుంది. సుజాతది అలాగే ఆగిపోతోందని షాపుకొచ్చింది.

"ఎన్నిసార్లు పెట్టినా సగంలో చస్తంది బాబాయ్. ఆదివారం రిసెప్షన్లో తెర మీద వెయ్యాలంట. మాచర్ల బజార్లో ఆ పెళ్ళోళ్ళకి మూడు కొట్లు. ఇయ్యకపోతే ఈ ఊళ్ళో నాకు ఇంకో పెళ్ళి రాదు."

"కెమెరా కార్డుల్లో అసలుది ఉంటుందిగా?"

"ఏడుంది? ముహూర్తాల రోజులు గదా. కార్డులు తుడిచేసి వేరే పెళ్ళికి పట్టుకెళ్ళారు. ఉన్నదంతా నా డిస్కులోనే."

అక్కడ నేను ఆగి ఆలోచించాల్సింది. ఈలోగా ఆమె ఫోన్ తీసి, గాజు పెట్టెలో గులాబీరంగు నీళ్ళు తిరిగే కంప్యూటర్ బొమ్మ చూపించింది. నాకు హుషారు పుట్టింది.

"ఇలాంటివి యాభై బిగించానమ్మాయ్" అన్నాను. నిజానికి రెండు. అందులో ఒకటి నాదే.

చల్లబరచడానికి మూడు దారులున్నాయి. ఎయిర్ కూలర్ అంటే లోహపు రేకుల దిమ్మె, దానికో ఫ్యాను. క్లోజ్‌డ్ లూప్ అంటే పంపు, గొట్టాలు, చిన్న రేడియేటర్ అన్నీ ఫ్యాక్టరీలోనే ద్రవం నింపి మూసేసి వస్తాయి, మనం బిగించుకోవడమే. సుజాత చూపించినది కస్టమ్ లూప్. గొట్టాలు మనమే కోసి, వంచి, ద్రవం మనమే పోసుకోవాలి. ఎక్కడ అతుకు వదులైనా కింద ఉన్నవన్నీ తడుస్తాయి. దానికి నా గుండె చాలలేదు. "నీ పనికి అంత అక్కర్లేదు" అని పెద్దమనిషిలా చెప్పి, క్లోజ్‌డ్ లూప్ ఖాయం చేశాను.

బుధవారం మాచర్ల వెళ్ళి బిగించాను. సుజాత భర్త కోటయ్య నాపరాళ్ళ లారీ తోలతాడు. రేడియేటర్ చూడగానే అతని మొహం వెలిగింది.

"ఓహో, ఇది మన లైనే గదా బాబాయ్! లారీకీ ఇదే, దీనికీ ఇదే."

"అదేరా అబ్బాయ్, అచ్చం లారీయే" అన్నాను, వాడి సంతోషం ఎందుకు చెడగొట్టాలని.

శుక్రవారం పొద్దున షాపు తలుపు తీస్తుండగా ఫోన్.

"బాబాయ్, రెండరింగ్ పెట్టి కాఫీకి దిగా. వచ్చేసరికి తెర నల్లగా ఉంది. పెట్టె గాజు తలుపు లోపల తడి."

"గోడ దగ్గర స్విచ్ కట్టెయ్. ప్లగ్గు పీకు. మళ్ళీ వేసి చూడొద్దు. డిస్కు మీద పడ్డదా?"

"దాని మీదే కారతంది బాబాయ్."

లాప్‌టాప్, ఒక ఖాళీ డిస్కు సంచిలో వేసుకుని బస్సెక్కాను. చానా నిబ్బరంగా కూర్చున్నానని రాద్దామనుకున్నాను. ఎక్కడి నిబ్బరం! పిడుగురాళ్ళ దాటేసరికి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. గురజాలలో బస్సు ఆగితే డ్రైవర్ మీద అరిచాను. తాళి కట్టించడం రెండోసారి ఎవరి వల్లా కాదు. అది ఆ ఒక్క డిస్కులో ఉంది, దాని మీద నేను తెచ్చిన నీళ్ళున్నాయి.

రేకుల గదిలోకి వెళ్ళేసరికి సుజాత నేల మీద కూర్చుని ఉంది. కోటయ్య తలుపు దగ్గర నిలబడ్డాడు. పెట్టె తెరిచాను. రేడియేటర్ పక్కన, స్టిక్కర్ కింద దాగి ఉండే మర ఒకటి వదులుగా ఉంది. స్టిక్కర్ ఒలిచేసి ఉంది. మర కింద రబ్బరు రింగు నలిగిపోయింది.

"దీన్ని ఎవరు తీశారు?"

కోటయ్య గొంతు సవరించుకున్నాడు. "నేనే బాబాయ్. పొద్దున్నే నీళ్ళు చూడకుండా బండి తియ్యం గదా. కొంచెం తగ్గినై. క్యాను నీళ్ళే పోశా, బోరు నీళ్ళు గాదు."

"నీకెవరు జెప్పారయ్యా పొయ్యమని!" సుజాత లేచింది. "నా బతుకు నీ లారీ అనుకున్నావా?"

"బాబాయే గదే, అచ్చం లారీ అన్నది! మూత తియ్యొద్దని ఆయనన్నా జెప్పాడా?"

చెప్పలేదు. లోపల కాస్త గాలి ఉండటం మామూలేననీ చెప్పలేదు. మరను కదపకపోతే అది కారి ఉండేదీ కాదు.

డిస్కు విప్పి, గుడ్డతో అద్ది, కింద గదిలో నీడలో ఫ్యాను ముందు పెట్టాను. ఎండలో పెడితే త్వరగా ఆరుతుందని కోటయ్య అనబోయి, భార్యను చూసి మానుకున్నాడు. అన్నం వడ్డించారు, ఎవరం సరిగ్గా తినలేదు. బాగా ఆరిందని నమ్మకం కుదిరాక దాన్ని లాప్‌టాప్‌కు తగిలించాను.

ముందు ఏమీ లేదు. తర్వాత సన్నగా గరగర, ఆపైన తిరుగుతున్న చప్పుడు. తెర మీద ఫోల్డర్లు వరసగా వచ్చాయి. సుజాత జీలకర్ర బెల్లం అని ఉన్నది తెరిచి, పెళ్ళికూతురు నవ్వుతుంటే చూసి, మూసేసింది. "ఇంకేం ముట్టొద్దు బాబాయ్, ముందు కాపీ చెయ్" అంది. కాపీ పూర్తయ్యేదాకా కోటయ్య గుమ్మంలో కూర్చుని, లోపలికి వచ్చే పిల్లల్ని తరుముతూనే ఉన్నాడు.

తడి ఆరిన కంప్యూటర్‌ను కింద గదికి దించి, శనివారం షాపు నుంచి తెచ్చిన ఎయిర్ కూలర్ బిగించాను. అంతే, మధ్యలో ఆగకుండా రెండరింగ్ పూర్తయింది. నీళ్ళైనా గాలైనా గదిలో ఉన్న వేడి కంటే చల్లగా చేయలేవు. రేకుల కింద నిప్పులాంటి గాలి ఉంటే ఏ కూలరైనా ఏం చేస్తుంది? ముందు గది మార్చమనాల్సింది. ఆదివారం వీడియో తెర మీద పడింది.

ఇప్పుడు ఎవరు వాటర్ కూలింగ్ అడిగినా, రెండో కాపీ ఎక్కడుందో ముందు అడుగుతాను. బిగించేటప్పుడు ఇంట్లో వాళ్ళందర్నీ పిలిచి, ఏది ముట్టకూడదో వేలు పెట్టి చూపిస్తాను. కంప్యూటర్ కొన్నది ఒకరైనా, దాని మీద ప్రేమ చూపించేది ఇంటిల్లిపాదీ.

మొన్న సత్తెనపల్లిలో ఒక ఇంట్లో అంతా చెప్పి లేచాను. పెద్దావిడ అడిగింది:

"కొత్త మిషను గదా అన్నయ్యా, దండం పెట్టుకోవచ్చా?"

"పెట్టుకోమ్మా. నీళ్ళు మాత్రం చల్లొద్దు."

అప్పటికే ఆవిడ చేతిలో పసుపు నీళ్ళ చెంబు ఉంది.