ఆయమ్మ చెయ్యి, బూజు పిన్ని ప్లేటు

మా పై వాటాలో ఉండే ఆవిడను పిల్లలంతా బూజు పిన్ని అంటారు. ఆ పేరు పెట్టుకున్నది ఆవిడే. సూక్ష్మజీవుల పరిశోధనశాలలో పని చేస్తుంది. మెట్ల మీద ఎవరు ఎదురుపడినా, గోడ మీది మరకలో ఏం బతుకుతోందో చెప్పనిదే వదలదు.

"నీకు జీతమిచ్చేది పరీక్షలకా, కబుర్లకా?" అని వాళ్ళ పెద్దసారు దెప్పుతాడట.

"జనానికి అర్థం కాని పరీక్ష ఎవరికోసం సార్?" అంటుందట ఈవిడ.

నేనూ సైన్సు చదివినవాణ్ణే. అయినా మా పాప కిందపడ్డ బొమ్మను నోట్లో పెట్టుకుంటే నా పై ప్రాణాలు పైనే పోతాయి. పైకి పరుగెత్తుతాను. "ఏం కాదులేరా, నువ్వు మాత్రం మట్టి తినకుండానే ఇంతవాడివయ్యావా?" అంటుంది. ఆ మాటతో కుదుటపడతాను.

పాప వెళ్ళే క్రెష్‌లో చేతుల శుభ్రత గురించి చెప్పమని మేనేజరమ్మ అడిగితే, పిన్ని సంబరపడుతూ వచ్చింది. క్రిములు పెరిగేలా పలచగా జెల్లీ పోసిన చిన్న చిన్న ప్లేట్లు తెచ్చి, అందరిచేతా వేళ్ళు అద్దించింది. ఏది ఎవరిదో పిల్లలు గుర్తుపట్టాలని పేర్లు అంటించింది. మేం తల్లిదండ్రులం ఆఫీసుల నుంచి వచ్చినవాళ్ళం వచ్చినట్టే అద్దేశాం. పిల్లలకు తినిపించే ఆయమ్మ మాత్రం, పిన్ని అంతటావిడ అడిగింది కదా అని, సబ్బుతో మోచేతుల దాకా రుద్ది కడుక్కుని, తడి ఆరకముందే అద్దింది.

రెండ్రోజులకు క్రిములు చుక్కలుగా మొలిచాక, పిన్ని ఆ ప్లేట్లకు టేపు వేసి, పొద్దున్నే క్రెష్‌లో ఇచ్చి వెళ్ళింది. వివరించడం సాయంత్రం అనుకుంది. మధ్యాహ్నానికే ఎవరో ఫోటో తీసి తల్లిదండ్రుల గ్రూపులో పెట్టారు. అందరి ప్లేట్లలో అక్కడొకటి, ఇక్కడొకటి చుక్క. ఆయమ్మ ప్లేటు మాత్రం తెల్లటి చుక్కలతో నిండిపోయి ఉంది. "ఈ చేతులతోనా మన పిల్లలకు తినిపిస్తోంది!" అని ఫోటో కింద ఒకటే గోల.

సాయంత్రం పిన్నీ నేనూ కలిసి వెళ్ళేసరికి ఆయమ్మ లేదు.

"పంపించేశామండీ. మీ సైన్సు పట్టిచ్చింది కాబట్టి సరిపోయింది!" అంది మేనేజరమ్మ నవ్వుతూ.

"పట్టిచ్చానా? నేనా?" అంది పిన్ని.

పిల్లల కోసం వచ్చినవాళ్ళందరినీ ఆపింది. "కడిగిన చేతి నుంచే క్రిములు ఎక్కువ రాలతాయమ్మా! తడికి చర్మం మెత్తబడి, అందులో కాపురముండే క్రిములు పైకొస్తాయి. అవి మామూలుగా హాని చెయ్యవు. జబ్బు చేసేవి బయటినుంచి అంటుకుంటాయి, అవి సబ్బుతో పోతాయి. ప్లేటు ఎన్నో చెబుతుంది గానీ, ఎలాంటివో చెప్పదు."

"అంటే చేతులు కడక్కూడదన్నమాట!" అన్నాడు ఒక తండ్రి.

"నేను ముందే అనుకున్నా, ఈ సబ్బులన్నీ వ్యాపారమని," అంది వెనక ఒకామె.

ఒక మాట సరిచేయబోతే ఇంకో కొత్త అపోహ పుట్టింది.

మరునాడు మాటలు మానేసి మళ్ళీ ప్లేట్లు తెచ్చింది. ఆ తండ్రితో సహా అందరిచేతా కడగకముందు ఒకటి, కడిగాక ఒకటి అద్దించింది. రెండ్రోజులకు మొలిచిన చుక్కలను ఈసారి దగ్గరుండి చూపించింది. కడిగిన చేతుల ప్లేట్లే చాలావరకు నిండిపోయాయి.

"ఇది నాదేనా?" అన్నాడు ఆ తండ్రి, తెల్లబోయి.

"నీదే నాయనా. నిన్ను కూడా పంపించేద్దామా?"

మేనేజరమ్మ అక్కడే ఆయమ్మకు ఫోన్ చేసి రమ్మంది. స్పీకర్లో ఆయమ్మ గొంతు అందరికీ వినబడింది. "నా చేతులు ఊరందరికీ చూపించారు. నాకెవరూ చూపించలేదు. నేను రానమ్మా."

పిన్ని ఆయమ్మ పేరు అంటించిన మొదటి ప్లేటు పట్టుకుని ఆయమ్మ ఇంటికి బయలుదేరింది. నేనూ పాపను ఎత్తుకుని వెంట వెళ్ళాను. గడపలోనే నిలబడి అంతా వివరించింది. "పేరు అంటించడం నా బుద్ధితక్కువ," అంది.

ఆయమ్మ ప్లేటును వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూసింది. "ఇన్ని బతుకుతున్నాయా నా మీద?" అని నివ్వెరపోయింది.

"నా మీదా అంతే."

ఆయమ్మ పేరు చీటీని గోటితో గీకి తీసేసి, ప్లేటు తిరిగిచ్చింది.

"రేపు వస్తాను. మీరు మాత్రం ఇంకెప్పుడూ ప్లేటుకు నా చెయ్యి అడక్కండి," అంది.