ఎర్రలైటు మీద బొట్టు

ఆత్మకూరు బస్టాండు వెనుక గల్లీలో ఇష్రత్‌కు రెండు కంప్యూటర్ల దుకాణం ఉంది. ఆన్‌లైన్ దరఖాస్తులు పంపుతుంది, పాడైన కంప్యూటర్లు బాగుచేస్తుంది, మధ్యాహ్నాలు ఆడపిల్లలకు పాఠం చెబుతుంది. వాళ్ల నాన్న అబ్దుల్ రహమాన్ గడియారాలు బాగుచేసిన గదే అది. మొదటిరోజు పాఠంలో ఆమె కంప్యూటర్ మూత విప్పి చూపిస్తుంది.

"గీ కనబడేదంత హార్డ్‌వేర్. ముట్టుకోవచ్చు. ఏం పని చెయ్యాల్నో దీనికి చెప్పేది సాఫ్ట్‌వేర్. ముట్టుకోరాదు. పని ఆగితే తప్పు ఎవరిదో ముందుగాల అడగాలె, అటెన్క చెయ్యి పెట్టాలె."

దసరా అయిన రెండోనాడు ఆ మాట ఆమె మీదికే వచ్చింది. పింఛను కాగితం కోసం వెళ్లి నేను బల్ల మీద కూర్చున్నాను. కూలికి పోయే మణెమ్మ కూతురు రోజాను వెంటబెట్టుకుని ఆదరాబాదరా వచ్చింది. రోజాకు నర్సింగ్ సీటు వచ్చింది. ఐదు గంటల్లోపు వేలిముద్ర వేసి ఖాయం చేసుకోకపోతే అది ఇంకొకరికి పోతుంది. అప్పటికి నాలుగూ ఇరవై.

వేలిముద్ర యంత్రం మీద రోజా బొటనవేలు పెట్టింది. యంత్రం అద్దం కింద ఎర్రలైటు వెలిగింది. ముద్ర సరిపోలలేదని తెర మీద పడింది.

"చెయ్యి తుడ్సుకొని పెట్టు," అంది ఇష్రత్.

మళ్లీ అదే.

"పత్తి ఏరి ఏరి గీతలు అరిగినయా ఏంది?" అంది మణెమ్మ.

"నేను ఏరింది నాల్గు దినాలే. అరిగితే నీయి అరగాలె," అంది రోజా. నవ్వబోయింది గాని నవ్వు రాలేదు.

ముందురోజు కంప్యూటర్ తనంతట తాను కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకుంది. తప్పు దానిదేనని ఇష్రత్ అనుకుంది. యంత్రాన్ని నడిపే ప్రోగ్రాం తీసేసి, మళ్లీ వేసి, కంప్యూటర్ ఆపి తిరిగి ఆన్ చేసింది. నాలుగూ నలభై దాటింది. ముద్ర సరిపోలలేదు.

గది యజమాని కురుమూర్తి గడపలో నిలబడ్డాడు. "ఒక్కటి కొట్టు బిడ్డా. మా టీవీ గట్లనే ఒస్తది."

"కాకా, జర ఆగు!"

ఆమె కళ్లు మూసుకుంది. పిల్లలకు చెప్పే ప్రశ్నలే తనను తాను అడుగుతున్నట్టు పెదవులు కదిలాయి. లైటు వెలుగుతోంది, అంటే కరెంటు అందుతోంది. తెర మీద యంత్రం పేరు కనిపిస్తోంది, అంటే కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టింది. మరి అది చూస్తున్నదేమిటి? ముద్ర బొమ్మను తెర మీద పెద్దది చేసింది. నడుమ ఒక గుండ్రటి మచ్చ. రోజా చూపుడువేలు పెట్టించింది. అదే చోట అదే మచ్చ. తన వేలు పెట్టింది. అదే.

"వేళ్లు మారినా మచ్చ మారుతలేదు," అంటూ వైరు పీకేసింది.

ఎర్రలైటు ఆరింది. అద్దం నడుమ ఎండిపోయిన కుంకుమ బొట్టు కనిపించింది. ఎర్రటి వెలుగులో అంతసేపూ అది ఎవరికీ కనబడలేదు.

ఏటా దసరాకు ఆ గదిలో పనిముట్లన్నిటికీ బొట్టు పెట్టేది కురుమూర్తే. గడియారాల నాటి నుంచీ అలవాటు. అబ్దుల్ రహమాన్ ఒక్కసారీ వద్దనలేదు.

"అద్దం మెరుస్తుంటే దాని నుదురు అనుకున్న బిడ్డా," అన్నాడు కురుమూర్తి. ముఖం పాలిపోయింది.

ఇష్రత్ నాన్న సొరుగులోని స్పిరిట్ సీసా తీసి, దూదితో అద్దం తుడిచింది. ఆరేదాకా ఊదింది. వైరు పెట్టింది. నాలుగూ యాభై ఆరు. రోజా వేలు పెట్టింది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. మణెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సీటు ఖాయమైంది.

కాసేపటికి కురుమూర్తి మెల్లగా అడిగాడు. "వచ్చే దసరాకు పెట్టొద్దా మరి?"

"పెట్టు కాకా, కంప్యూటర్ డబ్బా నెత్తి మీద పెట్టు. దానికి కండ్లు లేవు."

ప్రింటు కాగితం బయటికి వచ్చింది. తన కూతురి పేరు ఎక్కడుందని మణెమ్మ అడిగింది. రోజా చూపించిన చోట వేలు పెట్టి, బస్సు వేళయ్యేదాకా తీయలేదు.